పాదంలో నరం నొప్పిని పదికి ఎంత అని కొలవలేము

పరుగు అలవాటున్నవాళ్ళ మధ్య నొప్పి ప్రస్తావన వచ్చినప్పుడు మొదట వినిపించే ప్రశ్న "పదికి ఎంత?" అన్నదే. మూడు లోపు ఉంటే పరుగెత్తవచ్చు, ఐదు దాటితే ఆగిపోవాలి అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఈమధ్య ఒక పరుగు ముగిశాక, కాలివేళ్ళ సందులో మంట పుడుతోందని ఒక యువకుడు అడిగితే చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఈ కొలతే చేతికిచ్చి పంపారు. అతను కాసేపు ఆలోచించి "రెండే అండీ" అన్నాడు. అయితే ఇబ్బంది లేదని అందరూ తేల్చేశారు. పాదంలో నరం నొప్పితోనే కొన్నేళ్ళుగా పరుగు కొనసాగిస్తున్నదాన్ని కాబట్టి ఆ మాట నాకు చాలా కలవరం కలిగించింది. కండరానికీ, దాన్ని ఎముకకు కలిపే టెండన్‌కూ చక్కగా పనికివచ్చే ఆ కొలత నరం విషయానికి వచ్చేసరికి మనను తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. నరం నొప్పి విషయంలో అది ఎంత ఉందన్నదానికన్నా ఎక్కడ ఉంది, ఎప్పుడు వస్తోంది, ఆ చోట స్పర్శ మిగిలి ఉందా లేదా అన్నవే నమ్మదగిన ప్రశ్నలు.

ముందుగా ఆ కొలతకు న్యాయం చేయాలి, ఎందుకంటే అది గాలివాటంగా పుట్టినది కాదు. స్వీడన్‌కు చెందిన ఫిజియోథెరపిస్టు రోలాండ్ టొమే 1997లో మోకాలిచిప్ప నొప్పి ఉన్నవారి కోసం ఇలాంటి పద్ధతిని ప్రతిపాదించారు. 2007లో కారిన్ సిల్బర్నాగెల్, ఆమె సహచరులు దానిని మడమ వెనుక ఉండే అకిలీస్ టెండన్ నొప్పి ఉన్నవారి మీద పరీక్షించి, నొప్పి ఐదు దాటకుండా చూసుకుంటూ పరుగు కొనసాగించినవారు మొదటి ఆరు వారాలు పరుగు మానేసినవారికంటే ఏమీ నష్టపోలేదని చూపారు. ఎంతోమందిని అనవసరపు విశ్రాంతి నుంచి బయటపడేసిన మంచి పని అది. అయితే ఆ పద్ధతిలో అంకె ఒక్కటే లేదు. మరునాటి ఉదయానికి నొప్పి తగ్గి ఉండాలి, వారం వారం పెరగకూడదు అన్న షరతులు కూడా ఉన్నాయి. నోటి మాటగా వ్యాపించేటప్పుడు షరతులు జారిపోయి అంకె ఒక్కటే మిగిలింది. పైగా టెండన్ కోసం తయారైనదాన్ని నరానికి కూడా అంటగట్టాము.

నరం ఎందుకు వేరు

పాదం ముందుభాగంలో వేళ్ళకు వెళ్ళే నరాలు, వేళ్ళ మొదళ్ళకు వెనుక ఉండే పొడవాటి మెటాటార్సల్ ఎముకల వరుసలో, ఆ ఎముకల తలలను అడ్డంగా కలిపే పట్టీ కిందుగా సాగుతాయి. అడుగు వదిలే క్షణంలో మడమ లేచి వేళ్ళు పైకి వంగినప్పుడు నరం సాగి, ఆ పట్టీ అంచుకు ఒరుసుకుంటుంది. నిమిషానికి 170 అడుగుల చొప్పున పరుగెత్తే మనిషిలో ఒక్కో పాదానికి గంటలో ఐదు వేలకు పైగా ఇలా జరుగుతుంది. పరుగు పొడవు పెరిగేకొద్దీ పాదం ఉబ్బి, బూటు లోపల చోటు తగ్గి, ఆ నరానికి పక్కల నుంచి కూడా ఒత్తిడి మొదలవుతుంది. నరానికి దానిదైన సన్నని రక్తనాళాలున్నాయి. 1973లో లుండ్‌బోర్గ్, రిడెవిక్ అనే పరిశోధకులు కుందేలు కాలి నరాన్ని సాగదీసి చూసినప్పుడు సుమారు ఎనిమిది శాతం సాగేసరికి రక్తప్రవాహం దెబ్బతినడం మొదలై, పదిహేను శాతం దగ్గర పూర్తిగా నిలిచిపోయింది. కుందేలు ఫలితాన్ని మనిషి పాదానికి అంకెతో సహా అన్వయించలేము గానీ, నరం సాగుదలను ఎంత తక్కువగా సహిస్తుందో దానివల్ల అర్థమవుతుంది.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. టెండన్ మీద భారం వేస్తే నొప్పి పెరుగుతుంది, తీస్తే తగ్గుతుంది. కాబట్టి అంకెకు ఒక అర్థం ఉంటుంది. దెబ్బతిన్న నరం అలా నడుచుకోదు. భారమేమీ లేకుండా పడుకున్నప్పుడు కూడా అది తనంతట తాను సంకేతాలు పంపగలదు, అందుకే రాత్రి పక్క మీద ఉన్నట్టుండి కరెంటు కొట్టినట్టు వేలు జివ్వుమంటుంది. మరోవైపు ఒత్తిడి మరీ ఎక్కువైనప్పుడు సంకేతాలు అసలు రాకుండా పోవచ్చు. కొద్దిపాటి చిరాకుకు ఎనిమిది, తీవ్రమైన ఒత్తిడికి సున్నా చూపగల పరికరాన్ని మనం వేరే ఏ పనికీ వాడము.

నా పాదంలో జరిగేది కూడా ఇలాగే ఉంటుంది. మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య, ఒకదానికొకటి ఎదురుగా ఉన్న పక్కల మీద మొదట సన్నని తిమ్మిరి వస్తుంది. తర్వాత బూటులో చిన్న గులకరాయి ఉన్నట్టు తోస్తుంది. తీసి దులిపి చూస్తే ఏమీ ఉండదు. ఆపైన ఒక్కసారిగా మంట ఎగసి, బూటు విప్పి పాదాన్ని నొక్కుకోగానే నిమిషాల్లో సర్దుకుంటుంది. ఆ పది నిమిషాలలో ఏ క్షణాన అడిగారన్నదాన్ని బట్టి నా జవాబు ఒకటి కావచ్చు, ఎనిమిదీ కావచ్చు. వీటిలో ఏ అంకెను పట్టుకుని రేపు పరుగెత్తాలా వద్దా అని తేల్చుకోవాలి?

ఎక్కడ

ఈ విషయంలో నా ఆలోచనను మార్చింది ఒక ఫిజియోథెరపిస్టు. ఆవిడ నా ముందు రెండు పాదాల బొమ్మ ఉన్న కాగితం పెట్టి, పైభాగం, అరికాలు, మడమ విడివిడిగా చూపించి, మంట ఉన్నచోట ఒక రంగు, తిమ్మిరి ఉన్నచోట మరో రంగు వేయమన్నారు. తర్వాత నన్ను కళ్ళు మూసుకోమని, దూదితో వేలి పక్కలను తాకుతూ ఎక్కడ తెలుస్తోందో చెప్పమన్నారు. ఎంత నొప్పిగా ఉందని ఆవిడ అడిగినట్టు నాకు గుర్తులేదు. "మీరు రంగు వేసిన చోటు ఒక నరం పరిధితో సరిపోతే నా పని సగం అయినట్టే" అన్నారు. నాలుగు గీతల్లో పూర్తయిన ఆ చిత్రం, అంతకుముందు నేను పలుచోట్ల ఓపిగ్గా చెప్పిన అంకెలన్నిటికంటే ఎక్కువ సమాచారం ఇచ్చింది.

పాదంలో ఒక్కో నరానికి ఒక్కో పరిధి ఉంటుంది. మూడు, నాలుగు వేళ్ళ మధ్య మంట అయితే మోర్టన్స్ న్యూరోమా అని పిలిచే స్థితిని ముందుగా అనుమానిస్తారు. అమెరికా వైద్యుడు థామస్ మోర్టన్ 1876లో ఈ నొప్పి గురించి రాసినందున ఆయన పేరు స్థిరపడింది గానీ, లండన్‌లో పాదాల వైద్యం చేసిన లూయిస్ డర్లాకర్ 1845లోనే దీన్ని వర్ణించారు. పేరు విని భయపడేవాళ్ళున్నారు కాబట్టి చెప్పాలి: ఇది క్యాన్సర్ వంటిది కాదు, పదేపదే ఒరుసుకుపోవడం వల్ల నరం చుట్టూ ఉన్న కణజాలం మందమవడం. చీలమండ లోపలివైపు ఎముక వెనుక వేలితో తట్టినప్పుడు అరికాలంతా జివ్వుమంటే అక్కడి ఇరుకు మార్గంలో టిబియల్ నరం నలుగుతోందేమో చూడాలి. దానినే టార్సల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. పాదం పైభాగాన, ముఖ్యంగా బొటనవేలికీ రెండో వేలికీ మధ్య మొద్దుబారితే మొదట అనుమానించాల్సింది బిగించి కట్టిన లేసులను. కానీ పరుగులో ముంగాలి కండరం రాయిలా బిగిసి, అదే చోట తిమ్మిరెక్కి, ఆగిన కొద్దిసేపటికే వదిలేస్తుంటే అది కండరపు గదిలో ఒత్తిడి పెరిగే వేరే సమస్య కావచ్చు. అప్పుడు లేసులు ఎన్నిసార్లు వదులు చేసినా లాభం ఉండదు.

మడమ విషయంలో పొరపాటు మరీ సులభంగా జరుగుతుంది. మడమ నొప్పి అనగానే అరికాలి కింది పట్టీకి వచ్చే ప్లాంటార్ ఫేషియైటిస్ అనుకుని నెలల తరబడి అరికాలు సాగదీస్తూ గడిపేవాళ్ళలో కొందరి అసలు సమస్య బాక్స్‌టర్ నరం అనే చిన్న శాఖది. ఫేషియైటిస్ ఎక్కువగా పొద్దున పక్క దిగి వేసే మొదటి అడుగుల్లో పొడుస్తుంది; నరం నొప్పి అయితే రోజు గడిచేకొద్దీ, భారం పెరిగేకొద్దీ మంటగా పేరుకుంటుంది. ఎంత నొప్పి అని అడిగితే ఇద్దరూ ఐదే అంటారు.

కొన్నిసార్లు నొప్పి పాదంలో ఉన్నా మూలం నడుములో ఉంటుంది. పాదం బయటి అంచు, చిటికెనవేలు వైపు అయితే వెన్ను దిగువన ఎస్1 నరపు వేరు, పాదం పైభాగం నుంచి బొటనవేలి వరకు అయితే ఎల్5 వేరు నొక్కుకుపోవడం కారణం కావచ్చు. 1973లో అప్టన్, మెకోమాస్ అనే పరిశోధకులు ఒక అడుగు ముందుకు వేసి, పైన ఒకచోట ఒత్తిడికి గురైన నరం కిందచోట ఒత్తిడిని తట్టుకోలేదని ప్రతిపాదించారు. ఆ వాదన మీద ఇప్పటికీ అభిప్రాయభేదాలున్నాయి, కానీ పాదం మాత్రమే చూసి వదిలేయకూడదనే జాగ్రత్తకు అది చాలు. ఇక రెండు పాదాలలోనూ ఒకేలా, మేజోడు తొడిగినంత మేర మంటో తిమ్మిరో ఉంటే బూట్ల గురించి ఆలోచించడం మానేసి రక్తపరీక్షకు వెళ్ళాలి. మధుమేహం, బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ మందగించడం, మద్యం వంటివి ఇలా కనిపించగలవు. మధుమేహానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మందు వాడేవారిలో బి12 తగ్గే అవకాశం ఉందని కూడా గుర్తుంచుకోవాలి. నేను బాగా పరుగెత్తుతాను కాబట్టి నాకు మధుమేహం ఉండదు అన్న ధీమా పరుగెత్తేవాళ్ళలో తరచుగా వింటాను. అది నిజం కాదు.

నొప్పి పోవడం ఎప్పుడూ శుభవార్త కాదు

నాతో పరుగెత్తే ఒకాయన నెలలపాటు వేళ్ళ మంటతో బాధపడి, ఒకరోజు ఎంతో సంతోషంగా "మంట పూర్తిగా పోయిందండీ, ఇప్పుడక్కడ ఏమీ తెలియడమే లేదు" అన్నారు. ఆ వారం ఆయన ఎప్పటికన్నా ఎక్కువ దూరం పరుగెత్తారు. బూటు విప్పినప్పుడు వేలి పక్కన చర్మం ఒరుసుకుపోయి రక్తం కారి ఉంది; ఆయనకు తెలియలేదు. పదికి సున్నా అంటే అది.

నరం విషయంలో నొప్పికన్నా స్పర్శ పోవడం, దానికన్నా బలం పోవడం పెద్ద హెచ్చరికలు. మడమల మీద నడవగలుగుతున్నామా, ఒంటికాలి మీద నిలబడి మునివేళ్ళపై లేవగలుగుతున్నామా, రెండు పాదాల వేళ్ళూ ఒకేలా విచ్చుకుంటున్నాయా అని చూసుకోవడానికి నిమిషం చాలు. పాదం పైకి ఎత్తలేక నేలకు ఈడ్చుకుపోతున్నా, తొడల మధ్య, కూర్చునే చోట స్పర్శ తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ అంకెల చర్చకు తావు లేదు. ఒత్తిడి వల్ల నరం పైపొర మాత్రమే దెబ్బతిన్నప్పుడు కోలుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. లోపలి తంతువులే తెగితే అవి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి. చీలమండ నుంచి వేలి చివరి దాకా ఇరవై సెంటీమీటర్లు అనుకుంటే ఆరు నెలలకు పైమాటే. మొద్దుబారిన పాదంతో ఇంకొక్క పోటీ పూర్తిచేద్దాం అనుకునేవారు ఈ లెక్కను ముందు పెట్టుకోవాలి.

ఎప్పుడు

పరుగులో ఎంత దూరం దగ్గర మొదలవుతోంది, ఆగాక ఎంతసేపటికి సర్దుకుంటోంది, ఆ రాత్రి నిద్రలో లేపుతోందా, మరునాడు చెప్పులు లేకుండా నడిచినప్పుడు ఉందా అన్న నాలుగింటినీ కలిపి చూస్తే నరం సహనం పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది. మొదలయ్యే దూరం మెల్లగా వెనక్కి జరుగుతూ ఐదో కిలోమీటరు నుంచి మూడో కిలోమీటరుకు వస్తుంటే, ఆ మంట రెండే అయినా దారి తప్పినట్టే. రాత్రి ఒక్కసారి ఏడుకు వెళ్ళినా మొదలయ్యే దూరం ముందుకు జరుగుతుంటే నేను కంగారుపడను.

ఈ సమయపు లెక్కే చాలావరకు పరిష్కారాన్ని కూడా చూపిస్తుంది. కొంత దూరం తర్వాతే మొదలై బూటు విప్పగానే తగ్గే మంటకు మొదటి మందు బూటు ముందుభాగపు వెడల్పు. అందరూ మెత్తదనం గురించి మాట్లాడతారు. నరానికి మెత్తదనం కన్నా చోటు ముఖ్యం. బూటు లోపలి ఇన్‌సోల్ బయటకు తీసి, దాని మీద పూర్తి బరువుతో నిలబడి, పాదం అంచులు దాటిపోతోందేమో చూడడం కన్నా తేలికైన పరీక్ష లేదు. అది కూడా పరుగు తర్వాత, పాదం ఉబ్బి ఉన్నప్పుడు చేయాలి. మెటాటార్సల్ ప్యాడ్ అనే చిన్న మెత్త కొందరికి ఎంతో మేలు చేస్తుంది, కానీ దాని చోటే అంతా. మంట ఉన్నచోట కిందుగా పెట్టాలని సహజంగా తోస్తుంది. పెట్టాల్సింది ఎముకల తలలకు కాస్త వెనుకగా, అవి పైకి లేచి ఎడంగా జరిగేలా. ఒక వేలి వెడల్పు ముందుకు జరిగితే అదే ప్యాడ్ నరాన్ని ఇంకా నొక్కుతుంది. పనిచేయలేదని పారేసిన ప్యాడ్లలో చాలావరకు చోటు తప్పినవే అని నా అనుమానం. అడుగు భాగం గట్టిగా ఉండి ముందువైపు వంపు తిరిగిన బూట్లు వేళ్ళు వంగడాన్ని తగ్గిస్తాయి కాబట్టి కొందరికి ఉపశమనం ఇస్తాయి, ముందుభాగం ఇరుకుగా లేనంతవరకూ.

సాగదీయడం గురించి ఒక మాట. నరం కణజాలాల మధ్య పైజామా నడుములో బొందులాగా జారుతూ ఉండాలి; ఒకచోట ముడిపడినప్పుడు రెండు చివరలూ పట్టుకుని లాగితే ముడి బిగుస్తుందే తప్ప విడదు. పిక్కనూ తొడ వెనుక కండరాన్నీ గట్టిగా సాగదీసి పట్టుకునే వ్యాయామాలు చిరాకుగా ఉన్న నరానికి ఇలాంటివే కావచ్చు. ఒక చివర వదులు చేస్తూ రెండో చివర కదిలించే మృదువైన కదలికలను ఫిజియోథెరపిస్టులు నేర్పుతారు. వాటికీ కొలత మరునాటి ఉదయమే.

ఎదురువాదనలు

పరుగు పూర్తిగా మానేస్తే పోదా అన్నది మొదటి ప్రశ్న. ఇంట్లోవాళ్ళూ కొందరు వైద్యులూ అడిగేది అదే, ప్రేమతోనే అడుగుతారు. మొద్దుతనం పెరుగుతున్నప్పుడు, బలం తగ్గినప్పుడు, ఎముకకు పగులు ఉందన్న అనుమానం ఉన్నప్పుడు నేను కూడా మానమనే చెబుతాను. ఎముక మీద ఒకే బిందువు దగ్గర వేలు పెడితే ప్రాణం పోయేటంత నొప్పి పుట్టడం నరం లక్షణం కాదు. మిగతా సందర్భాలలో విశ్రాంతి మంటను ఆర్పుతుంది కానీ మంట పెట్టినదాన్ని మార్చదు. అదే బూటు, అదే లేసు, అదే దూరం తిరిగి వచ్చేసరికి నొప్పి కూడా తన పాత చోటికి వస్తుంది. మొదలయ్యే దూరానికి ముందే ఆగి, కాస్త నడిచి, మళ్ళీ పరుగెత్తే పద్ధతి నాకు విశ్రాంతి కన్నా ఎక్కువ మేలు చేసింది. అందరికీ చేస్తుందని అనలేను.

రెండో వాదన నన్ను నిజంగా ఆలోచింపజేస్తుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎలా అని రోజూ పాదాన్ని ప్రశ్నిస్తూ కూర్చుంటే ఆ శ్రద్ధే నొప్పిని పెంచదా? నొప్పికీ గాయానికీ ముడి అంత సూటిగా లేదని, గాయం లేకుండానూ నొప్పి ఉండవచ్చని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. నొప్పి అధ్యయన అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన నిర్వచనంలోనూ ఆ అవకాశాన్ని గుర్తించింది. తన పాదానికి తానే కాపలాదారుగా మారి, ప్రతి చిన్న జివ్వును నమోదు చేస్తూ, చివరికి పరుగును భయంగా మార్చుకున్న మనిషిని నేను దగ్గరగా చూశాను. ఆమె దగ్గర పుస్తకం నిండా అంకెలే ఉండేవి, పూటపూటకీ. ఆ వాదనలో బలం ఉంది. అయితే గంటకోసారి తీవ్రతను కొలిచే అలవాటే ఆ భయాన్ని ఎక్కువగా పెంచుతుందని నాకనిపిస్తుంది, ఎందుకంటే తీవ్రత ఎప్పటికప్పుడు మారుతుంది, మారినప్పుడల్లా మనసు ఉలిక్కిపడుతుంది. చోటు అంత త్వరగా మారదు. మరునాటి ఉదయం ఒక్కసారి చూసుకుని, పరుగులో ఉన్నంతసేపు గమనించకుండా వదిలేయడం సాధ్యమే. ఇది నా మటుకు సాధ్యమైంది. ఆందోళన ఎక్కువగా ఉన్నవారికి ఎవరైనా తోడుండి నేర్పాలేమో.

అంకె పూర్తిగా నిరర్థకమని కూడా నేను అనడం లేదు. మందు పనిచేస్తోందా, నిద్ర పడుతోందా అని వైద్యుడు తెలుసుకోవడానికి అది కావాలి. నరం నొప్పికి మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు. ఎమిట్రిప్టిలిన్, డులోక్సిటిన్, గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ వంటివి వైద్యుల పర్యవేక్షణలో వాడతారు, మత్తు, తల తిరగడం వంటి ఇబ్బందులు వాటికి ఉన్నాయి. అవి వేసుకుని తగ్గిన అంకెను చూసి దూరం పెంచడం మాత్రం నాకు ప్రమాదకరంగా తోస్తుంది.

స్కాను, సూది, కత్తి

స్కానులో కనిపించిందే తుదితీర్పు అనుకోవడం అంకెను నమ్మడం లాంటిదే. ఎమ్మారైలో మోర్టన్స్ న్యూరోమా ఏ బాధా లేనివారిలో కూడా కనిపిస్తుందని తెలిసిన విషయమే. పాదం చిన్న నరాలలో సమస్య ఉన్నా నరాల వేగాన్ని కొలిచే పరీక్ష మామూలుగా రావచ్చు. రంగు వేసిన కాగితంతో స్కాను సరిపోలినప్పుడే దానికి విలువ.

స్టెరాయిడ్ సూది చాలామందికి కొన్ని నెలల ఉపశమనం ఇస్తుంది. దానితో అరికాలి కింద సహజంగా ఉండే కొవ్వు మెత్త పలచబడే అవకాశం ఉందన్న సంగతి పరుగెత్తేవారికి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఆ మెత్త మీదే మన అడుగులన్నీ పడతాయి. ఇక శస్త్రచికిత్స. మందమైన నరాన్ని కోసి తీసేస్తే ఎక్కువమందికి నొప్పి తగ్గుతుంది, ఆ రెండు వేళ్ళ మధ్య స్పర్శ మాత్రం శాశ్వతంగా పోతుంది, కొందరిలో కోసిన మొదలు దగ్గరే మళ్ళీ బాధాకరమైన గడ్డ పెరుగుతుంది. నరాన్ని ఉంచి, దానిని నొక్కుతున్న పట్టీని మాత్రమే విడదీసే పద్ధతి కూడా ఉంది. ఏది ఎవరికన్నది శస్త్రవైద్యులు చెప్పాలి.

నన్ను పరీక్షించిన వైద్యుడు ఈ రెండు దారులూ వివరించి, నొప్పి పదికి ఏడు దాటితే రమ్మన్నారు. నేను ఆయనకు నా కాగితం చూపించి, ఏడు వచ్చినప్పుడు కాకుండా రంగు వేసిన చోటు పెద్దదైనప్పుడు, లేదా దూది తగిలినట్టు తెలియనప్పుడు రావచ్చా అని అడిగాను. ఆయన కాగితాన్ని కాసేపు చూసి, ఒక నకలు తీయించి నా ఫైలులో పెట్టమన్నారు.